ఊడ్చిన శాలలో దగ్గు

గుర్రాలశాలలో ఆయనను అందరూ అద్దం బాబాయి అనేవారు. ముఖం చూసుకోవచ్చుననిపించేంత శుభ్రంగా నేల ఊడ్చేవాడని ఆ బిరుదు. బిరుదులివ్వడంలో తోటి పనివారిని మించిన కవులు లేరు; అది వేరే ముచ్చట.

అంతటి శాలలో మూడు నెలల గుర్రప్పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. తల్లి పాలు మానేసి, డొక్కలెగరేస్తూ ఊపిరి పీల్చసాగింది. పశువుల డాక్టరమ్మ గొట్టం ఆనించి దాని ఛాతీ విన్నది.

"ఇది మట్టిలో ఉండే సూక్ష్మజీవి, బాబాయ్. పేడ పడ్డచోట పెరుగుతుంది. దుమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లోకి పోయింది. పొడినేల ఊడ్చేదెవరు?"

"నేనేనమ్మా. పిల్ల పక్కన మరీ శ్రద్ధగా ఊడుస్తాను."

"ఇకమీదట నీళ్లు చల్లకుండా చీపురు ముట్టుకోవద్దు."

"మరి దీని తల్లి కూడా అదే దుమ్ము పీల్చిందిగా? గుండ్రాయిలా ఉందే!"

"పెద్దవాటికి మామూలుగా ఏమీ కాదు. ముప్పంతా పిల్లలకే. వారాల తరబడి మందు వెయ్యాలి. బతుకుతుందని మాట మాత్రం ఇవ్వలేను."

ఆమె వెళ్లాక బాబాయి చీపురు తీసి, మళ్లీ గోడకు ఆనించాడు. ఊడిస్తే దుమ్ము, మానేస్తే పేడ. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇన్నాళ్లూ తాను చేసింది సేవో, చేటో తేలలేదు. నేలంతా నీళ్లు చల్లాడు. దుమ్ముపట్టిన చొక్కా బయట విప్పేసి, ఒళ్లు కడుక్కుని వచ్చి, పాలసీసా అందించాడు. పిల్ల వాసన చూసి మూతి తిప్పుకుంది.

ఆకలి లేకనో, పాత వాసన పోయిన తనను గుర్తుపట్టకనో ఆయనకు బోధపడలేదు.

"నేనేనే తల్లీ, కొంచెం తాగవే" అంటూ సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.