కిటికీలు మూసి చెప్పిన పాఠం

ఆ రోజుల్లో సైన్సు టీచరన్నాక దేనికీ భయపడదని గట్టిగా నమ్మేదాన్ని. కప్పను కోసినా, సీసాలో పామును చూపించినా నా చెయ్యి వణకలేదు. అలాంటి నన్ను పదో తరగతి పుస్తకంలో ఒకే ఒక్క పాఠం హడలగొట్టింది. ప్రత్యుత్పత్తి. రెంటచింతల దగ్గర ఒక బడిలో కొత్తగా చేరాను. ఇరవై మూడేళ్లు, పెళ్లి కాలేదు. మా హెడ్మాస్టరుగారు (మంచివారే, కానీ పిడుగు పడ్డా ముందు సర్క్యులర్ వచ్చిందా అని చూసే రకం) నన్ను పిలిచి గొంతు తగ్గించి, "ఆ పాఠం ఇంటి దగ్గర చదువుకోమంటే పోలా అమ్మా?" అన్నారు. పరీక్షలో వస్తుందన్నాను. ఆయన చానాసేపు మథనపడి, మగపిల్లల్ని ఆటలకు పంపి ఆడపిల్లలకు మాత్రమే చెప్పమన్నారు. అదీ కిటికీలు మూసి. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద శిక్షో వేరే చెప్పక్కర్లేదు.

కిటికీలు మూశాం, తలుపు మూశాం, కరెంటు తనంతట తానే పోయింది. ముప్పైమంది పిల్లలు తలలు వంచుకున్నారు, నేను బోర్డు వైపు తిరిగిపోయాను. "పురుష బీజకణం" అని బోర్డుకు చెప్పాను. అప్పుడు వెనక బెంచీలోంచి డౌట్లమ్మ లేచింది (అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు). "టీచర్, మీరు చెప్పేది పత్తి క్రాసింగేనా?" అంది. మా పిల్లల్లో సగంమంది సెలవు రోజుల్లో విత్తనపత్తి చేలకు వెళ్లేవారు. సాయంత్రం ఆడ వరుసల మొగ్గల్లో పుప్పొడి తిత్తులు తీసేయడం, పొద్దున్నే మగ వరుసల పూలు తెచ్చి వాటికి రుద్దడం వాళ్ల పని. చేలో "మగ పూలు అందుకోవే" అని అరుచుకునే పిల్లలు బడిలో అదే సంగతికి చెవులు మూసుకుంటున్నారు! ఇక ఆపైన పాఠం వాళ్లే నాకు చెప్పారు. చివర్లో, పుట్టేది ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే కణంతోనేనని చెప్పాను. డౌట్లమ్మ కూర్చోలేదు. "అయితే మా అమ్మ తప్పు లేదా టీచర్?" అంది. ముగ్గురూ ఆడపిల్లలేనని వాళ్ల నాన్న రెండో పెళ్లికి తయారయ్యాడట. ఆదివారం మాటలట. వీళ్లనూ అమ్మనూ కారంపూడిలో అమ్మమ్మ ఇంటికి పంపేస్తారట, ఇక బడి ఉండదట.

మర్నాడు పొద్దున్నే వాళ్ల నాయనమ్మ వచ్చింది. చేలో నలభైమంది కూలీలను నడిపే మేస్త్రి ఆవిడ. దూరం నుంచే చూసిన హెడ్మాస్టరుగారు రికార్డుల గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నారు.

"ఏమ్మాయ్, నా మనవరాలికి ఆ పాఠం చెప్పింది నువ్వేనా?"

"పుస్తకంలో ఉందండీ..." అన్నాను ఏడుపు గొంతుతో.

"ఉంటే మంచిదే. మా వోడిక్కూడా చెప్పు, నేను చెబితే ఇనట్లా." ఆవిడ వెనక ఆరడుగుల కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. "ఏ మగ పువ్వు రుద్దితే ఆ గింజేనని చేలో అందరికీ చెప్పేదాన్ని. ఇంట్లో నా కోడల్ని మాత్రం పదేళ్లు తిట్టా. నా బుద్ధి ఏమైందో!"

ఆయన్ని బెంచీలో కూర్చోబెట్టాం. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. నేను అలవాటుగా కిటికీ మూయబోతే, "ఏందమ్మాయ్, ఉడికి చస్తన్నాం, తెరువు" అంది మేస్త్రి నాయనమ్మ. తెరిచేసరికి నిన్న ఆటలకు పంపేసిన మగపిల్లలందరూ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. రికార్డుల గది కిటికీ కూడా మెల్లగా తెరుచుకుంది. ఎక్స్, వై అంటూ మొత్తం చెప్పాను, ఈసారి జనం వైపు తిరిగే.

"అంటే తప్పు నాదా టీచర్?" అన్నాడాయన దీనంగా.

"ఎవరిదీ కాదండీ. అది ఎవరి చేతుల్లోనూ లేదు."

"ఇన్నావుగా! ఇక ఆ పెళ్లోళ్లకు ఫోన్ చెయ్" అంది తల్లి. ఆయన అక్కడే ఫోన్ తీసి, "ఆదివారం రావద్దండీ. మా పిల్ల సైన్సు టీచరు వద్దంది" అని పెట్టేశాడు. డౌట్లమ్మ వాళ్లమ్మ తన ఇంట్లోనే ఉండిపోయింది, డౌట్లమ్మ బడిలోనే ఉండిపోయింది. సంబంధాలు చెడగొట్టే టీచరని పేరొచ్చి రెండేళ్లపాటు నాకు మాత్రం ఒక్క సంబంధమూ రాలేదు.

అయినా వచ్చింది లెండి, పెళ్లీ అయింది. రెండో కాన్పు నరసరావుపేట ఆసుపత్రిలో. అత్తగారు గదిలోకి రాగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మళ్లీ ఆడపిల్లేనండీ అత్తయ్యా, ఏమనుకోకండి." ఆ మాట నా చెవులకే వినపడి సిగ్గుతో చచ్చిపోయాను. ఏటేటా ఆ పాఠం చెప్పిన మనిషిని! చెమటలు పట్టి చుట్టూ చూస్తే, బిడ్డకు గాలి తగులుతుందని ఎవరో కిటికీ మూసేశారు.

"అత్తయ్యా, ఆ కిటికీ కాస్త తెరవండి. మీ అబ్బాయిని కూడా పిలవండి" అన్నాను. చాక్‌పీస్ ఒక్కటే తక్కువైంది.