పసుపు చేతులతో ఫ్యూజు

మాది కోరుట్ల. రెండేండ్ల కింద మా చెల్లె పెండ్లికి నా పాత కారుల పెద్ద యాంప్లిఫయర్ పెట్టిన. బరాత్ పాటలు జగిత్యాల దాక ఇనబడాలని నా ఆశ.

పొద్దున ఇంటి ముందట ఆడోళ్లు చెల్లెకు పసుపు పెడుతున్నరు. నేను అందరి ముందట బానెట్ లేపి, యాంప్లిఫయర్ వైరు బ్యాటరీకి ఆనించిన. టప్పుమని ఇంత పెద్ద నిప్పురవ్వ! భయపడి ఎన్కకు ఎగిరితే, పసుపునీళ్ల గంగాళంల కూలబడ్డ. "కారు పేలిందే!" అని మేనత్త మొత్తుకున్నది. అందరు ఉరికిన్రు.

చెల్లె ఒక్కతే ఉరకలేదు. ఆమె ఐటీఐల ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది. పీట మీదికెల్లి లేచొచ్చింది.

"ఫ్యూజు తియ్యకుంట ఎవలన్న వైరు ఆనిస్తరా అన్నా? జర జరుగు."

"పెండ్లిపిల్లవు, గా పని ముట్టకే! అత్తగారోళ్లు చూస్తే ఏమనుకుంటరు?" అని అమ్మ మొత్తుకుంటనే ఉన్నది. చెల్లె చేతులు తుడుచుకొని ఫ్యూజు పీకింది, వైరు బిగించింది. ఫ్యూజు ఉండే జాగల ముందుగాల చిన్న బల్బు ఆనించింది. అది ఎలిగి, మెల్లగ ఆరిపోయింది.

"లోపలి కెపాసిటర్లు మెల్లగ కరెంటుతోని నిండినయ్. ఇగ రవ్వలు రావు" అని ఫ్యూజు పెట్టింది. చిటుక్కుమని కూడ అనలేదు!

పాట మోగంగనే ఉరికినోళ్లంత తిరిగొచ్చి ఎగిరిన్రు. నిలువెల్ల పసుపుతోని నేనూ ఎగిరిన. తీరా చూస్తే, పెండ్లిచీర తెచ్చిన సిరిసిల్ల వియ్యంకుడు గేటు కాడ నిలబడి అంత చూస్తున్నడు. అమ్మకు పానం పోయినంత పనైంది.

ఆయన చెల్లె దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు. "బిడ్డా, మా బట్టలు నేసే సాంచె మోటరు నెల సంది సతాయిస్తున్నది. జర చూస్తవా?"

ఆ పొద్దు నా ఇజ్జత్ పోయింది గని, అత్తింట్ల అడుగు పెట్టకముందే మా చెల్లెకు ఇలువ దొరికింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.