చైనా గీతకు తలకట్టు

మీకు చెప్పేస్తాను. ఏళ్ల తరబడి నేను మోస్తున్న బరువు ఒక కాగితం. భవానీపురంలో నేను రాత నేర్పే గదిలో, ఫ్రేము కట్టి గోడకు తగిలించి ఉంది. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి అబ్బురపడతారు. అది దొంగది. చేసింది నేనే. బాగా చేశాను కూడా. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను. నా సిగ్గు వేరే చోట ఉంది.

మా మాస్టారు శిలాఫలకాలకు తెలుగు అక్షరాలు రాసేవారు. ఆయన రాసిచ్చాకే చెక్కేవాళ్లు ఉలి పట్టేవారు. మాకు నేర్పేటప్పుడు మాత్రం చైనావాళ్ల కైషు లిపితో మొదలుపెట్టేవారు. అందులో ప్రతి గీతా విడిగా, స్థిరంగా నిలబడుతుంది. కుంచె ఎక్కడ ఆనింది, ఎక్కడ నడిచింది, ఎక్కడ ఆగి వెనక్కి తిరిగింది, అన్నీ రాతిలో తెలుస్తాయి. చెక్కినవాడు తన చేతిని దాచుకుని రాసినవాడి చేతిని చూపిస్తాడు. మాస్టారి దగ్గర అలాంటి పాత ఫలకం అచ్చు ఒకటుండేది. తడి కాగితాన్ని రాయి మీద పరిచి, అక్షరాల గుంటల్లోకి ఒత్తి, పైన సిరా అద్ది తీసినది. చుట్టూ నలుపు, అక్షరాలు తెలుపు. ఆయనకది ప్రాణం.

సాధన చేస్తానని అడిగి దాన్ని ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి తీసుకెళ్లాను. కిటికీ కింద బల్ల మీద పెట్టి మరిచిపోయాను. వానజల్లు కొట్టింది. ఎత్తబోతే ముద్దయి చేతిలోకి వచ్చింది. నిజం చెప్పొచ్చు కదా? మాస్టారు తిట్టేవారు, కొన్నాళ్లు మాట్లాడేవారు కాదు, అంతే. ఎందుకు చెప్పలేదు? భయమని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను కానీ, తరచి చూసుకుంటే భయం కొంతే. ఆ గీతలు అప్పటికే నా చేతికి వచ్చేశాయని, నేను రాస్తే ఎవరూ పట్టుకోలేరని పొగరు. ముందే తీసుకున్న ఫొటో చూసుకుంటూ, పల్చటి కాగితం మీద గుడ్డ ఉండతో సిరా అద్ది, అక్షరాలను తెల్లగా వదిలాను. మాస్టారు దాన్ని చూసి, నలగకుండా తెచ్చానని మెచ్చుకున్నారు.

మాతోపాటే నేర్చుకునే రాజ్యలక్ష్మిది మైలవరం. మా అందరిలో మంచి చేయి, ఇంకా మంచి కన్ను. ఒకరోజు మాస్టారు ఆ అచ్చు చూసి రాయమంటే, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"మాస్టారూ, ఈ అడ్డగీతకి తలకట్టు ఉందండీ. చివర పైకి ఎగిరింది. ఇది రాతి మీంచి తీసింది కాదండీ, మనవాళ్లెవరో రాసింది."

నిజమే. చిన్నప్పటి నుంచి అక్షరాల నెత్తిన తలకట్టు పెట్టిన చేయి నాది. ఆగాల్సిన చోట ఆగక ఎగిరింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"చైనా రాయికి తలకట్టేంటమ్మా? నా దగ్గరున్నదాన్ని దొంగదంటున్నావా? చూడటమే రానిదానివి, నీకు రాయడమెందుకు?"

ఆమె నా వైపు చూసింది. ఆ అచ్చు మా ఇంటికి వెళ్లొచ్చిందని ఆమెకు తెలుసు. నేను నోరు విప్పుతానని ఎదురుచూసింది. నేను కుంచె కడుక్కుంటూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. వన్‌టౌన్‌లో వాళ్ల బట్టల కొట్లో కూర్చుంటోందని, మళ్లీ కుంచె ముట్టలేదని తర్వాత విన్నాను. మాస్టారి తర్వాత ఫలకాల పని ఆమెకు దక్కాల్సింది. నాకు దక్కింది. పోయేముందు ఆయన ఆ కాగితాన్ని కూడా నా చేతికే ఇచ్చారు, నాకంటే భద్రంగా చూసుకునేవాళ్లు లేరంటూ. అప్పుడైనా చెప్పానా? లేదు.

ఈ చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల ఫలకాల మీద ఉన్నది నా రాత. మంచి రాత. దాన్ని తక్కువ చేసుకుని పాపం కడుక్కుందామని నాకు లేదు. కానీ ఆమె రాసి ఉంటే ఇంతకంటే బాగుండేదా? బాగుండేదనే అనుకుంటాను.

రేపు వన్‌టౌన్ వెళతాను. కొట్లో జనం ఉంటే మరీ మంచిది, మేం నవ్వింది నలుగురిలోనే కాబట్టి. క్షమించమని అడగను. ఆమె కన్ను తప్పు కాదని చెప్పగలిగినవాణ్ని, మాస్టారు పోయాక, నేనొక్కణ్నే మిగిలాను. ఆమె మొహం తిప్పుకోవచ్చు, కొట్లోంచి పొమ్మనొచ్చు. ముందు మీ దగ్గర నోరు తిరిగితే చాలనుకుని ఇది రాశాను. తిరిగింది. రాజ్యలక్ష్మి సరిగ్గానే చూసింది. ఆ గీత నాది.