మిషనరీ ఆదివారం, మిల్లు ట్రాక్టరు

మా చర్చి గోడ మీద ఆరాధన ఎన్ని గంటలకు మొదలవుతుందో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఎన్ని గంటలకు ముగుస్తుందో రాసే ధైర్యం మాత్రం ఇంతవరకు ఏ సంఘపెద్దకూ కలగలేదు.

మాది రొంపిచెర్ల వెళ్ళే దారిలో ఒక ఊరు. అక్కడి హైస్కూల్లో నేను హిందీ టీచర్ని. చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. ఈ పదవిలో కార్యాలన్నీ నావి, దర్శనాలన్నీ మరొకరివి. కుర్చీలు తెప్పించడం, షామియానా వాడికి ఫోన్ చేయడం, చేసిన ఫోనెత్తకపోతే వాడి ఇంటికి పోయి కూర్చోవడం నా పని. వేదిక మీద కూర్చునేది మా అధ్యక్షురాలు. ఊరందరికీ ఆమె పెద్దమ్మ. వయసు అడిగితే కోప్పడుతుంది, పెద్దమ్మా అనకపోయినా కోప్పడుతుంది.

ఏటా ఒక ఆదివారాన్ని మేము మిషనరీ ఆదివారంగా చేసుకుంటాం. లోకంలోని సకల జనులకూ సువార్త అందాలని ప్రార్థన చేస్తాం, దూరప్రాంతాల్లో సేవ చేసే వాళ్ళను తలచుకుంటాం, అక్కడి నుంచి ఎవరైనా వస్తే మాట్లాడిస్తాం. నాకు చానా ఇష్టమైన ఆదివారం అది. ఇష్టమైనవే మనిషిని ఎక్కువ విసిగిస్తాయని నాకు నేర్పిన ఆదివారం కూడా అదే.

ఈసారి సకల జనుల్లో కొందరు మేం వెళ్ళకుండానే మా దగ్గరికి వచ్చారు. ఊరి చివర జిన్నింగు మిల్లుంది. పత్తి సీజన్లో అక్కడ పనిచేయడానికి ఝార్ఖండ్ నుంచి కుటుంబాలు వచ్చి, మిల్లు వెనక రేకుల షెడ్లలో ఉంటాయి. క్రిస్మస్ అయిన తర్వాత ఒక ఆదివారం, ఒక భార్యా భర్తా ఎర్రగుడ్డలో చుట్టిన పసిబిడ్డతో వచ్చి చెప్పులు వదిలే చోటుకు పక్కనే కూర్చున్నారు. ఆరాధన అవగానే హిందీ టీచర్నని నన్ను ముందుకు తోశారు. తరగతిలో ఏ రోజూ ఎవరికీ అక్కరకు రాని నా హిందీకి అదే మొదటి పరీక్ష. "ఆప్ కహాఁ సే పధారే హైఁ", తమరు ఎక్కడి నుంచి విచ్చేశారు అని పాఠ్యపుస్తకం మర్యాదలన్నీ ఉపయోగించి అడిగాను. ఆ పిల్ల భయంగా మొగుడి వంక చూసింది. నేను మంత్రం చదువుతున్నాననుకుంది కాబోలు.

ఆమెది వాళ్ళ ఊరి భాష. హిందీ ఆమెకూ సెకండ్ లాంగ్వేజే. అది తెలిశాక ఇద్దరమూ కాస్త స్థిమితపడ్డాం. తప్పులు సమానమయ్యాయి గనక మాటలు కలిశాయి. తర్వాతి ఆదివారాల్లో నా పక్కనే కూర్చునేది. పాటలు రాకపోయినా చప్పట్లు మాత్రం మా వాళ్ళకంటే తాళంలో కొట్టేది.

సీజన్ అయిపోవచ్చింది. ఒకరోజు బడి నుంచి వస్తుంటే మిల్లు గేటు దగ్గర నన్ను ఆపింది. ఈ ఆదివారం రైలెక్కి వెళ్ళిపోతున్నారట. బిడ్డ ఇక్కడి షెడ్డులోనే పుట్టాడు. వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉందట. బిడ్డ మొదటిసారి ప్రయాణం కట్టే ముందు తల్లి వాడిని సంఘం మధ్య ఎత్తి పట్టుకుని, తన నోటితో, తన భాషలో ప్రార్థన చేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అంటారు. అంతే. తన అక్కచెల్లెళ్ళ పిల్లలందరికీ అలాగే జరిగిందట. "మా సంఘం దూరంగా ఉంది. ఇక్కడ మీరే కదా" అంది.

ఆ మాట విన్నాక కాదనే కార్యదర్శి ఉండదు. చేయిస్తానని మాటిచ్చాను. మిల్లు ట్రాక్టరు పన్నెండింటికి వచ్చి వాళ్ళను నరసరావుపేట స్టేషనుకు తీసుకుపోతుంది. ఈలోపల ఐదు నిమిషాలు చాలు.

కమిటీలో విషయం చెప్పగానే అందరూ ఆనందపడిపోయారు. మా చర్చిలో ఆనందం వచ్చిందంటే పని చెడే సూచన. కార్యక్రమాలన్నీ నడిపే సంఘపెద్దను నేను బాబాయ్ అంటాను. ఆయన తలపాగా సర్దుకుని, "మిషనరీ ఆదివారానికి ఇంతకంటే ఏం కావాల టీచరమ్మా. సకల జనుల ప్రార్థన అని పేరు పెట్టి ఆఖర్న పెడదాం" అన్నాడు.

"ఆఖర్న వద్దు బాబాయ్. పన్నెండింటికి వాళ్ళ ట్రాక్టరు వచ్చేస్తది. మొదట్లో పెట్టు."

"మొదట్లో జనం యాడుంటారే. మా ఇంటిదే పాటలయ్యాక గాని రాదు. ఆఖర్న పెడితేనే నిండుగా ఉంటది. పదకొండున్నరకే లేపుతా, నువ్వు కంగారుపడమాక."

కంగారుపడొద్దని బాబాయ్ చెప్పిన ప్రతిసారీ నేను కంగారుపడ్డాను, ప్రతిసారీ నాదే కరెక్టయింది. మా చర్చిలో ఆఖరి ఐటం అనేది పేరుకే. అక్కడిదాకా చేరిన వాళ్ళెవరూ లేరు. వందన సమర్పణ చేయాల్సిన ఒకాయన ప్రతి ఏడూ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వస్తాడు, అదే మడతతో ఇంటికి తీసుకుపోతాడు.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే పిల్లలకు దేశాల జెండాలు పంచాను. ఆస్ట్రేలియా కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఇంగ్లండు పట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, చివరికి దాన్ని కిటికీకి కట్టాను. మంచుదేశం మనిషి వేషానికి ఒక పిల్లకు ఒళ్ళంతా పత్తి అంటించారు. పత్తికి మా ఊళ్ళో కొదవ లేదు గాని మార్చి ఎండకూ కొదవ లేదు. మొదటి పాట పూర్తి కాకముందే మంచుదేశం చెమటతో కరిగిపోయి వాళ్ళమ్మ ఒళ్ళో పడుకుంది. అన్ని జెండాలున్నా మాకు అజెండా లేదని అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

ఆ పిల్లా, ఆమె మొగుడూ ముందే వచ్చారు. మూటలు గుమ్మం పక్కన పెట్టుకున్నారు. బిడ్డకు కొత్త చొక్కా వేశారు. అది మోకాళ్ళ దాకా వచ్చింది.

పెద్దమ్మ బృందం ఒక పాట పాడతామని రెండు పాడింది. రెండోదాంట్లో ఒక చరణం మరిచిపోయి, గుర్తొచ్చాక మొత్తం మళ్ళీ పాడింది. అంతలో అతిథిగారి కారు వచ్చింది. ఉత్తరాదిలో చాలా ఏళ్ళు సేవ చేసి వచ్చిన మంచి మనిషి. ఆయన వెంట మరికొందరు దిగారు. దిగిన ప్రతివాళ్ళకూ మా వాళ్ళు శాలువా కప్పుతారు. ఒక్కో శాలువా కప్పడానికి ఒక్కో పెద్దమనిషిని పిలుస్తారు, పిలిచిన పెద్దమనిషి చెప్పులు విప్పి, చొక్కా సర్దుకుని, ఫొటో సరిగా రాలేదంటే మళ్ళీ కప్పుతాడు. శాలువాలకు చాలు అనే మాట తెలియదు. వచ్చినవాళ్ళయ్యాక ఉన్నవాళ్ళకు మొదలుపెట్టారు. పెద్దమ్మకు గులాబీ రంగుది కప్పారు. ఆమె దాన్ని ఆ ఉక్కలో కూడా తీయలేదు.

అతిథిగారు మైకందుకునేసరికి పదకొండు దాటింది. ఆయన చెప్పిందంతా మంచి మాటే. అన్ని జనముల దగ్గరికీ వెళ్ళండి, కూర్చున్న చోటు విడిచి వెళ్ళండి, ఆలస్యం చేయక వెళ్ళండి అన్నారు. వెళ్ళండి వెళ్ళండి అంటూ మైకు దగ్గర నుంచి తను మాత్రం వెళ్ళలేదు.

పదకొండున్నరకు బాబాయ్ వంక చూసి నా గడియారం మీద వేలు పెట్టి చూపించాను. ఆయన తలూపి, లేచి వెళ్ళి సౌండు పెంచాడు. మళ్ళీ రెండు చేతులతో ఇక చాలన్నట్టు సైగ చేశాను. వెనక ఫ్యాను ఆపేశాడు. ఉక్కపోసి ఆడవాళ్ళంతా నా వైపు గుర్రుగా చూశారు.

వంగి వంగి వేదిక పక్కకు పోయి అయ్యగారిని పిలిచాను. మా పాస్టరు అయ్యగారు నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించడు. అందరూ ఆయన్ని నొప్పిస్తారు.

"అయ్యగారూ, బిడ్డ ప్రార్థన. ట్రాక్టరు వచ్చేస్తది."

"తెలుసమ్మా. కానీ వాక్యం చెబుతుంటే మధ్యలో ఆయన్నెట్టా ఆపుతాం? ఒక్క నిమిషంలో ముగించేటట్టే ఉన్నారు."

ఆ ఒక్క నిమిషం చానా నిమిషాలు సాగింది. అతిథిగారు అప్పటికి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సముద్రం మీద ప్రయాణంలో ఉన్నారు. ఒడ్డు కనిపించడం లేదు.

బయట ట్రాక్టరు హారన్ మోగింది.

ఆ పిల్ల నా వంక చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఫర్వాలేదన్నట్టు చూసింది. బిడ్డను భుజాన వేసుకుని లేచింది, మొగుడు మూటలెత్తాడు. నేనూ వాళ్ళ వెనక పరిగెత్తాను.

ట్రాక్టరు నడిపే అబ్బాయి మా ఊరివాడే, నా దగ్గర హిందీలో తప్పినవాడు. ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కులో అప్పటికే మిగతా కుటుంబాలూ బకెట్లూ పరుపు చుట్టలూ ఉన్నాయి.

"నాయనా, కాసేపు ఇంజను ఆపు. లోపల అయిపోతంది."

"ఆపితే మళ్ళా స్టార్టు కాదు టీచరమ్మా. సెల్ఫ్ పోయింది. మిల్లు కాడ పదిమంది తోస్తే కదిలింది."

"ఆపకపోతే ఆపకపో, కదలకుండా అన్నా ఉండు."

"లోపల మీ సంగతి నాకు తెలవదా? మీ వాళ్ళు ముగించేదాకా ఉంటే వీళ్ళు వచ్చే సీజన్‌కి ఇక్కడే ఉంటారు."

వాడు అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. ఈ ఒక్క సబ్జెక్టులో వాడు పాసు.

ఆమె ట్రక్కు పక్కన నిలబడి బిడ్డ చొక్కా గుండీ పెడుతోంది. పెట్టిందే విప్పి మళ్ళీ పెడుతోంది. ఎక్కడం లేదు.

నాకు మైకంటే భయం. బడిలో అసెంబ్లీకి కూడా అనారోగ్యం తెచ్చుకుంటాను. ఆ రోజు మాత్రం కుర్చీల మధ్య దారిన లోపలికి పోయి, వేదిక ఎక్కి, అతిథిగారికి నమస్కారం పెట్టి, ఆయన నా నమస్కారానికి తిరిగి నమస్కారం పెట్టేలోపు మైకు నా వైపు తిప్పుకున్నాను.

"సకల జనులు బయట ట్రాక్టరెక్కుతున్నారు. ప్రార్థన చేసేవాళ్ళు బయటికి రండి."

అంతే అన్నాను. బాబాయ్ తలపాగా మీద చెయ్యి పెట్టుకున్నాడు.

మొదట లేచింది పెద్దమ్మ. "ఏందే, బిడ్డ పోతన్నాడా? చెప్పవేమే మరి, ఇంతసేపూ బొమ్మలా కూర్చున్నావు" అని నన్నే తిట్టి, శాలువాతో సహా బయటికి నడిచింది. పెద్దమ్మ లేచిందంటే ఆఖరి ఆశీర్వాదం అయిపోయిందని మా వాళ్ళ లెక్క. అందరూ లేచారు. జెండాల పిల్లలు అందరికంటే ముందు రోడ్డెక్కారు.

అయ్యగారు తెల్లటి అంగీ పైకి పట్టుకుని వచ్చి బిడ్డ తల మీద చెయ్యి పెట్టారు. ఆ పిల్ల బిడ్డను రెండు చేతులతో ఎత్తి కళ్ళు మూసుకుంది. ట్రాక్టరు గడగడల్లో ఆమె పెదవులు కదలడం తప్ప మాకేమీ వినపడలేదు. వినపడినా అర్థమయ్యేది కాదు, హిందీ టీచరుతో సహా. మా వాళ్ళు ఆమెన్ ఎక్కడ అనాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అలా కాచుకుని ఉండటం మా సంఘానికి అలవాటు లేని పని. అయినా ఉన్నారు. ఆమె కళ్ళు తెరిచి బిడ్డను గుండెకు ఆనించుకున్నాక పెద్దమ్మ ఆమెన్ అంది, అందరమూ అన్నాం. ఆ ఒక్కటీ ఇంజను చప్పుడును మించి వినపడింది.

పెద్దమ్మ తన గులాబీ శాలువా తీసి బిడ్డకు చుట్టింది. వాడు వెంటనే దాని మీద పాలు కక్కాడు. "కక్కనీ, ఎట్టాగూ ఆ రంగు నాకు నప్పలా" అంది.

వాళ్ళు ట్రక్కెక్కారు. చుట్టూ ఇంతమంది ఉండేసరికి డ్రైవరు తడబడి క్లచ్ వదిలాడు. ట్రాక్టరు ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వాడు నా వైపు తిరిగి, "నేను చెప్పలా" అన్నాడు.

ఇక తొయ్యక తప్పలేదు. బాబాయ్ తలపాగా తీసి నడుముకు చుట్టాడు. వందన సమర్పణాయన ఒక చెయ్యి, అయ్యగారు ఒక చెయ్యి. అతిథిగారు మల్లెపువ్వులాంటి బట్టలతో వచ్చి ట్రక్కుకు భుజం ఆనించారు. ఉత్తరాదిలో బస్సులు చాలా తోశానని చెప్పారు. ఆయన తోస్తున్న పద్ధతి చూస్తే నిజమే. ఆడవాళ్ళం వెనక నుంచి తోశాం. నరసరావుపేట వైపు రోడ్డు కాస్త వాలుగా ఉండటం మా అదృష్టం. ఇంజను దగ్గి, దగ్గి, నల్లగా పొగ మా అందరి మీదా వదిలి అందుకుంది. ఆ పిల్ల బిడ్డ చెయ్యి పట్టుకుని మా వైపు ఊపింది. ఆస్ట్రేలియా చాలా దూరం వెంటపడింది.

మొహాలు తుడుచుకుంటూ వెనక్కి వస్తుంటే బాబాయ్ నా పక్కకు చేరాడు.

"చూశావా టీచరమ్మా. ఆఖర్న పెడితేనే నిండుగా ఉంటదని నేను చెప్పలా?"

ఆయనకు చెప్పడానికి నా దగ్గర మంచి తెలుగు లేదు, ఉన్న హిందీ ఆయనకు రాదు.

ఇళ్ళకు పోతామనుకున్నాను. అందరూ లోపలికి పోయి ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చున్నారు. బాబాయ్ ఫ్యాను వేశాడు. అతిథిగారు పొగ పట్టిన చొక్కాతో మైకు దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, సముద్రంలో వదిలేసిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.