ట్రైనింగు ఎక్కడయింది?

మనిషి కనిపిస్తే చాలు, ట్రైనింగు ఎక్కడయిందని అడగకుండా ఉండలేరు మా హెడ్మాస్టరు బాలకిషన్ గారు. నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్న మా ప్రైవేటు బడిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. చేరిన రోజు నన్నూ అదే అడిగారు. నా పేరేమిటో అడగాలని మాత్రం ఆయనకు వారం తర్వాత గుర్తొచ్చింది.

పంతుళ్లను మాత్రమే అడిగితే సరిపోయేది. గడ్డం గీసే పెంటయ్యను, కత్తి గొంతు మీద ఉండగా అడిగారట. "మా నాయిన దగ్గర నేర్చిన, సారూ" అన్నాడు పెంటయ్య. "మరి మీ నాయినకెక్కడయింది?" అన్నారీయన. పెంటయ్యకు కోపం వచ్చింది. ఆ రోజు హెడ్మాస్టరు గారు సగం గడ్డంతోనే ప్రార్థన చేయించారు.

మేనకోడలి పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకునూ వదల్లేదు. సంబంధమైతే కుదిరింది గాని, ఆ తర్వాత ఆయన్ని ఏ పెళ్లిచూపులకూ ఎవరూ పిలవలేదు. సాయంత్రాలు ఆబిడ్స్‌లో చాయ్ తాగడానికి వెళ్తే, వేళ్లకు సుద్ద అంటినవాడు ఎక్కడ కూర్చున్నా అక్కడికి లేచి వెళ్లేవారు. ఆయన చాయ్ చల్లారేది, మేమేమో పక్క హోటలుకు జారుకునేవాళ్లం.

యాభై ఎనిమిదిలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒకటో తరగతి చెప్పే విద్యావతమ్మ గారి ట్రైనింగు గుల్బర్గాలో అయింది. ఆమె చదివినప్పుడు ఆ ఊరు మన హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. తర్వాత రాష్ట్రాలు మారి, అది మైసూరుకు పోయింది. అందుకని ఆమెది పరాయి రాష్ట్రపు సర్టిఫికెట్టు అన్నాడాయన. అది ఇక్కడ చెల్లుతుందని నెలలోగా పైనుంచి ఉత్తర్వు రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇవ్వాలన్నాడు. అంతదాకా ఆమె పాఠం చెప్పకూడదట. ఆమె ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

బాలకిషన్ గారు ఒక్క మాటా ఎదురు చెప్పకుండా తలూపారు. మాకు ఒళ్లు మండింది. సర్టిఫికెట్టు తప్ప మనిషి కనిపించడీయనకని తిట్టుకున్నాం.

ఒకటో తరగతి ఆయనే తీసుకున్నారు. పిల్లలు బల్లల కింద దూరితే, నడుం వంచి, "దయచేసి బయటికి రావలెను" అనేవారు. ఒక్కడూ వచ్చేవాడు కాదు.

గడువు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఆమెనూ నన్నూ ఖైరతాబాదులోని విద్యాశాఖ పై ఆఫీసుకు వెంటబెట్టుకుపోయారు. వరండా నిండా పంతుళ్లూ పంతులమ్మలూ. చాదర్‌ఘాట్ నుంచి వచ్చినవాళ్లున్నారు, సుల్తాన్ బజార్ నుంచి వచ్చినవాళ్లున్నారు. అందరూ ఆయనకు నమస్కారాలు పెడుతున్నారు.

"వీళ్లంత ఎవరు సారూ?" అన్నాను.

"గుల్బర్గాల ట్రైనింగు అయినోళ్లు కొందరు, ఔరంగాబాదుల అయినోళ్లు కొందరు. అందరిదీ గిదే బాధ. ఒక్కలు పోతే రేపు రమ్మంటరు. గింతమందిని రేపు రమ్మనుమను, చూస్త."

"మీకెట్ల దొరికిన్రు?"

"రాష్ట్రాలు మారినకాడికెల్లి అడుగుతనే ఉన్న గద. ఎన్నడన్న గిట్లయితదని నాకు ఎరుకే."

"మరి పెంటయ్యనెందుకు అడిగిన్రు?"

ఆయన కాస్త ఇబ్బందిగా చూశారు. "అడిగి అడిగి అలవాటయింది. నోరు ఆగలె."

నాకు ఆ క్షణంలో ఆయన్ని కావలించుకోవాలనిపించింది.

ఆఫీసరు ముందు విసుక్కున్నాడు. ఎవరూ కదలకపోయేసరికి ఫైళ్లు తెప్పించాడు. ఆ ఊళ్లు మన రాష్ట్రంలో ఉన్నప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్లు ఇక్కడా చెల్లుతాయని పొద్దుగూకేలోగా ఉత్తర్వు మీద సంతకం చేశాడు.

మెట్లు దిగుతుంటే విద్యావతమ్మ గారు చేతులు జోడించారు. బాలకిషన్ గారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"దండాలేంది గాని, రేపు పొద్దుగాల జర జల్ది రాండ్రి విద్యావతమ్మా" అన్నారు. "గా ఒకటో తరగతి నాతోని అయితలేదు. నాకు గంత ట్రైనింగు లేదు."