పడవవాడు చనిపోలేదన్నాను

పడవవాడు చనిపోలేదని నేను రాసిన మొదటి రోజే పదకొండు జవాబులొచ్చాయి. పదకొండూ ఎకసెక్కాలే. ఒకాయన, "పడవవాడికి మొప్పలున్నాయా మేడం?" అని అడిగాడు. ఇంకొకావిడ, "అవునండీ, మొన్ననే రేషన్ కార్డు కూడా చేయించుకున్నాడు" అని రాసింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మేడ్చల్ బస్టాండు దగ్గర నేను పనిచేసే డీటీపీ సెంటర్లో, ఒక పెళ్ళిపత్రికను సగం టైపు చేసి వదిలేసి ఆ పదకొండు మందికీ విడివిడిగా సమాధానాలు రాశాను. పెళ్ళివాళ్ళొచ్చి పత్రిక ఏదమ్మా అంటే కరెంటు లేదని చెప్పాను. వాళ్ళు తలలెత్తి తిరుగుతున్న ఫ్యానును చూశారు.

రెండు వేలు దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. ఒకే నవలను ఇష్టపడేవాళ్ళు ఇంటర్నెట్లో గుంపుగా చేరి మాట్లాడుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. మా గుంపు ఒక ఏడు భాగాల తెలుగు నవల కోసం పెట్టింది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ గొడవ మొదలవుతుంది, నాకు ఇప్పుడంత ఓపిక లేదు. కథ మాత్రం చెప్తాను. ఒక నది, రెండు ఒడ్లమీద రెండు ఊళ్ళు, ఆ ఊళ్ళ మధ్య తరాల పగ. ఎవరి పక్షమూ కాకుండా అందరినీ దాటించేవాడు ఒక్క పడవవాడు. మూడో భాగంలో వరద వస్తుంది. కథానాయిక అప్పటికి చిన్నపిల్ల. ఆమెను ఒడ్డుకు చేర్చి పడవవాడు మునిగిపోతాడు. మర్నాడు అతని తలపాగా ఒక్కటే దొరుకుతుంది. తర్వాత నాలుగు భాగాల్లోనూ అతణ్ణి తలుచుకుని ఏడ్చేవాళ్ళే గాని, అతను బతికున్నాడేమో అన్నవాళ్ళు లేరు. గుంపులోనూ అంతే.

నేనన్నాను. తలపాగా దొరికింది గాని మనిషి దొరికాడా అన్నాను. ఐదో భాగంలో అవతలి ఊరి రేవులో పేరు లేని ఒక ముసలాయన కనిపిస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు, తాళ్ళకు ముడులేస్తుంటాడు, అదీ ఎడమచేత్తో. మొదటి భాగంలో పడవవాడిది కూడా ఎడమచేతి వాటమే. ఇవన్నీ చూపించి రాశాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎకసెక్కాలు చదివి ఒళ్ళు మండి, అసలు మాట బయటపెట్టేశాను. ఇది నా ఊహ కాదు, ఈ నవల వారపత్రికలో వచ్చినప్పుడు పడవవాడు బతికి బయటపడ్డ వారం ఒకటి ఉంది, పుస్తకం వేసినప్పుడు దాన్ని తీసేశారు, మా నాయిన చదువుతుంటే నేను చెవులారా విన్నాను అని రాశాను. పైగా, మా నాయిన అబద్ధం ఆడే మనిషి కాదు అని కూడా రాశాను.

అది నిజం. మా నాయిన శామీర్‌పేట దగ్గర ఒక ద్రాక్షతోటకు మేస్త్రీ. తొంభైల్లో మా వైపు ఎక్కడ చూసినా ద్రాక్షతోటలే. పండ్ల కాలంలో రేకుల షెడ్డు కింద పదిమంది ఆడవాళ్ళు కూర్చుని, కత్తెరలతో చితికిన కాయలు తీసేసి, గుత్తులను పెట్టెల్లో సర్దేవాళ్ళు. ఏదైనా పెట్టెలో పులుపు కాయ పడితే నాయిన దాని మీద సుద్దముక్కతో గీత గీసి, కొనే షావుకారుకు తానే చూపించేవాడు. తోట యజమాని నెత్తి కొట్టుకునేవాడు. "పులుపును తీపని ఎట్ల జెప్తం సార్" అనేవాడు నాయిన.

పెట్టెల అడుగున పరవడానికి పాత పత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఆ షెడ్డులో ఒక పద్ధతుండేది. చదవకుండా ఏ కాగితాన్నీ పెట్టెలో వెయ్యకూడదు. అది ఎవరు పెట్టారో తెలియదు గాని, నాయిన పెట్టె మీద కూర్చుని సీరియల్ చదివేవాడు, ఆడవాళ్ళు వింటూ కత్తెరలాడించేవాళ్ళు, చదవడం అయ్యాక ఆ కాగితం పెట్టె అడుక్కి వెళ్ళిపోయేది. దాని మీద పండ్లు, ఆ పైన మూత, పెట్టె లారీలో ఎటో వెళ్ళేది. నేను విన్న కథ ఏ కాగితంలోనూ నా దగ్గర మిగల్లేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ కట్టల్లో ఈ నవల వచ్చింది. అదే కాలంలో అమ్మ జబ్బుతో సికింద్రాబాదులో పెద్ద దవాఖానాలో ఉండేది. అవ్వ నన్ను గండిమైసమ్మ దగ్గరికి తీసుకుపోయి మొక్కు మొక్కించింది. ఏం మొక్కానో నాకు గుర్తులేదు. పడవవాడు నీళ్ళలోంచి లేచి, దుంగ పట్టుకుని, అవతలి ఒడ్డుకు చేరాడని నాయిన చదివిన పొద్దు మాత్రం బాగా గుర్తుంది. షెడ్డులో ఆడవాళ్ళంతా "అబ్బ, బతికిండు తల్లీ!" అన్నారు. నేను గెంతులేశాను. పండ్ల కాలం అయిపోకముందే అమ్మ చనిపోయింది. నాయిన షెడ్డులో చదవడం మానేశాడు. తర్వాత ఆడవాళ్ళు చదవని కాగితాలే పరిచారు.

పదహారేళ్ళకు అద్దె పుస్తకాల షాపులో ఆ ఏడు భాగాలూ దొరికాయి. మూడో భాగంలో పడవవాడు మునగడం, తలపాగా దొరకడం, అంతే. దుంగ లేదు, అవతలి ఒడ్డు లేదు. నాకు నాయిన మీద రవ్వంత అనుమానం కూడా రాలేదు. పుస్తకం మీదే వచ్చింది.

గుంపులో నా మాట పెద్ద రచ్చయింది. సాక్ష్యం చూపించమన్నారు. చూపించకపోతే తప్పు ఒప్పుకోమన్నారు. మొప్పలాయన, "మీ నాన్నగారు నిద్రలో చదివారేమో" అని రాశాడు. ఆ ఒక్కమాటకు నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నన్నంటే పడతాను, నాయిననంటే ఎట్లా పడతాను? ఒక నెల గడువు అడిగాను. ఆ వారం పత్రిక ఎక్కడున్నా తెచ్చి మీ మొహాన పెడతాను అని రాశాను. మేడ్చల్లో పాత కాగితాల కొట్లన్నీ తిరిగాను. దొరకలేదు.

గడువు ఇంకో వారంలో అయిపోతుందనగా గుంపులోని ఒక పెద్దాయన నాకొక్కదానికే ఉత్తరం రాశాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి యాప్రాల్లో స్థిరపడ్డ మనిషి. వాళ్ళమ్మగారు ఆ సీరియల్‌ను వారం వారం కత్తిరించి కుట్టి దాచారట. "ఒకసారి వచ్చి చూసుకోండమ్మా" అని చిరునామా ఇచ్చాడు. గెలిచాననుకున్నాను. ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళాను.

ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన బట్ట చుట్టిన లావుపాటి పుస్తకం తెచ్చి, దారంతో గుర్తు పెట్టిన చోట తెరిచి నా ముందు పెట్టాడు.

"మీరన్నది సగం నిజమేనమ్మా. ఈ వారం భాగం అచ్చు పుస్తకంలోకి రాలేదు. నేనూ ఇప్పుడే గమనించాను. కానీ, చదవండి."

చదివాను. తెల్లవారుజామున పడవవాడి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఊరంతా వచ్చి చూసింది. ఎడమచెయ్యి గడ్డిని పట్టుకునే ఉంది. మూడుసార్లు చదివాను. దుంగ కోసం పైనా కిందా వెతికాను. పేజీ తిప్పితే తర్వాతి వారంలో దహనం.

"మా అమ్మ ఆ వారం రెండు పూటలు అన్నం తినలేదు," అన్నాడాయన. కుట్టిన పుస్తకం మూస్తూ, "నేను గుంపులో ఏమీ రాయనమ్మా. మాట ఇచ్చింది మీరు, మీరే చూసుకోండి," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక సిగ్గుపోయి కోపమొచ్చింది. పులుపు పెట్టె మీద గీత గీసే మనిషి, కూతురి ముందు కూర్చుని లేనిది ఉన్నట్టు చదువుతాడా? ఇన్నేళ్ళూ నన్ను నమ్మిస్తాడా? ఆ మనిషిని పట్టుకుని నేను ఊరందరితో పోట్లాడానే! ఇంటికెళ్ళి ఏమేం అడగాలో బస్సులోనే వరస పెట్టుకున్నాను.

తోట అప్పటికి ప్లాట్లయిపోయింది. నాయిన అక్కణ్ణించి తెచ్చిన ఒక్క తీగను ఇంటి ముందు పందిరికి పాకించాడు. నేను వెళ్ళేసరికి పాత చీర పేలికలతో కొమ్మలు కడుతున్నాడు. చెప్పులు విప్పకుండానే అడిగాను.

"నాయినా, పడవోడు సచ్చిపోయిండంట."

ఏ పడవోడు అనలేదు నాయిన. "ఎవలు జెప్పిన్రు?" అన్నాడు.

"ఎవలు జెప్పుడేంది, నా కండ్లతోని సూసొచ్చిన. పీనుగ ఒడ్డుకొచ్చిందని సాఫ్ రాసిన్రు. నువ్వేమో బతికిండని సదివినవ్."

"అవ్. సదివిన."

"అబద్ధం సదివినవా?"

"అవ్," అన్నాడు, పేలిక ముడి బిగిస్తూ.

బస్సులో పెట్టుకున్న వరసంతా మర్చిపోయాను. "ఎందుకు?" అని మాత్రం అడిగాను.

"మైసమ్మ కాడ ఏం మొక్కినవో యాది లేదా?" అని నాయిన నా వైపు తిరిగాడు. "పడవోడు నీళ్ళలకెల్లి బయటికొస్తే మా అమ్మ దవఖానలకెల్లి ఇంటికొస్తదని మొక్కినవ్. అవ్వ వచ్చి నాకు జెప్పింది. తెల్లారి షెడ్డుల కాయితం ఇప్పిన. ఆడ పీనుగున్నది. నువ్వేమో ఎదురుంగ కూసోని నా మొకమే సూస్తున్నవ్. ఎట్ల సదవాలె బిడ్డా?"

నేను అరుగు మీద కూర్చున్నాను. మొక్కు గుర్తుకొచ్చింది. అవ్వ చెయ్యి నా నెత్తి మీదుండటం, పైకి చెప్పమని ఆమె గిల్లడం, అన్నీ గుర్తుకొచ్చాయి.

"మరి తర్వాతన్న జెప్పొద్దా? అమ్మ పోయినంక?"

"మీ అమ్మ రాకపాయె," అన్నాడు నాయిన. "గా పడవోన్ని గూడ నీ తాన గుంజుకోవాల్నా?"

ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడ్చినట్టు గుర్తులేదు. నాయిన ఊరుకోమనలేదు, దగ్గరికీ రాలేదు. ఇంకో కొమ్మ కట్టాడు. తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

మర్నాడు గుంపులో రాశాను. పత్రికలో పడవవాడు చనిపోయాడు, శవం కూడా ఉంది, మా నాయిన చదివింది అందులో లేదు, నాదే తప్పు అని రాశాను. ఎందుకలా చదివాడో రాయలేదు. అది వాళ్ళకు అక్కర్లేదు. రేషన్ కార్డు ఆవిడ, "అయితే కార్డు రద్దు చేయించమంటారా?" అని అడిగింది. ఈసారి నాకు నవ్వొచ్చింది. ఇంకో మాట కూడా కలిపాను: పత్రికలో ఉన్న శవాన్ని పుస్తకంలో తీసేసింది రచయితే, ఎందుకు తీశాడో మీరే చెప్పండి. స్థలం చాలక అన్నారు కొందరు. నేను వాదించలేదు గాని, నమ్మనూ లేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నాయిన పందిరి కింద మంచమేసుకుని, "ఇంతకు తర్వాతేమైంది గా కత?" అని అడిగాడు. షెడ్డులో ఆపేసిన చోటు నుంచి ఆయనకు తెలియదు. కళ్ళజోడు పెట్టుకున్నా చిన్న అక్షరాలు ఆనడం లేదు. అద్దె షాపు నుంచి తెచ్చి నేనే చదివాను. నాలుగో భాగం రెండు ఆదివారాలు పట్టింది. ఐదో భాగంలో ముసలాయన వచ్చాడు. ఎడమచేత్తో ముడి వేశాడు. నాయిన లేచి కూర్చున్నాడు.

"ఎవలాయన?"

"సూద్దాం ఆగు," అన్నాను.

ఏడో భాగం చివర, పెద్దదైన కథానాయిక ఆ రేవుకొస్తుంది. ముసలాయన తాడు విప్పి పడవను తోస్తాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. పుస్తకంలో అంతే. తర్వాత తెల్లకాగితం. నేను ఆ తెల్లకాగితం మీద వేలు పెట్టి చదివాను: "తాతా, ఆ రోజు నన్ను ఒడ్డుకు చేర్చింది నువ్వేనా అని ఆమె అడిగింది. ముసలాయన తలూపాడు. నీళ్ళలోంచి ఎట్లా బయటపడ్డావు అని అడిగింది. ఒక దుంగ దొరికిందమ్మా అన్నాడు."

పుస్తకం మూశాను. నాయిన నా ముఖం వైపే చూస్తున్నాడు.

"గట్లనే రాసిన్రా?"

"గట్లనే రాసిన్రు నాయినా."

నాయిన మళ్ళీ మంచం మీద వాలి, "మస్తు రాసిన్రు బిడ్డా," అన్నాడు.