రెండు నిజాలు, ఒకే పళ్ళెం

అబద్ధం చెప్పి నేను ఇంతవరకు ఎవరికీ హాని చేయలేదు. చేసిన ఒక్క హానీ రెండు నిజాలు చెప్పి చేశాను. బాధితుడు జపాన్ దేశస్థుడు, యంత్రాల ఇంజనీరు, చీమ ఎదురైతే పక్కకు తప్పుకొని దారిచ్చేంత మర్యాదస్థుడు. అటువంటి మనిషిని మా అక్క ఇంట్లో, పట్టపగలు, సాక్షుల సమక్షంలో, బగారన్నంతో నేల కరిపించిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కడుపు నిండా తిన్న వెంటనే మాత్రం చదవకండి.

ముందుగా నేరస్థుడి పరిచయం. కొత్తూరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, నాణ్యతను పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగం. చదివింది రసాయనశాస్త్రం. ఎవరు ఏమి చెప్పినా "ఆధారం ఏమిటి?" అని అడగడం నాకు శ్వాసక్రియలో ఒక భాగం. నా పెళ్ళిలో పురోహితుడు సుముహూర్తం ఎనిమిది గంటల పదమూడు నిమిషాలకు అంటే, "ఎవరి గడియారం ప్రకారం?" అని పీటల మీద నుంచే అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు నా భార్య ఇప్పటికీ చెబుతూనే ఉంది.

నాలుగేళ్ళ క్రితం మా అక్క అనసూయమ్మ కూతురు శ్రావణి ఇరవై నిమిషాల సినిమా ఒకటి తీసింది. సరదా కథ. శంషాబాద్ యువకుడొకడు ఉద్యోగానికి జపాన్ వెళ్ళి, అక్కడి పద్ధతులు తెలియక అడుగడుగునా బోల్తా పడుతుంటాడు. అతని పై అధికారికి నవ్వంటే తెలియదు. చివరి దృశ్యంలో ఆ అధికారి శంషాబాద్‌లోని హీరో ఇంటికి భోజనానికి వస్తాడు. హీరో తల్లి వడ్డిస్తుంది. ఆయన మొదటి ముద్ద తిని, మొదటిసారి నవ్వి, తెలుగులో ఒకే ఒక్క మాట అంటాడు: "ఇంకొంచెం వెయ్యి అక్కా." అక్కడితో శుభం.

నేను జపాన్‌లో పది నెలలు శిక్షణలో ఉండి వచ్చినవాణ్ణి కనుక, శ్రావణి నన్ను సలహాదారుగా నియమించింది. అది ఆమె చేసిన పొరపాటు. నాది కొంచెం ఆగి వస్తుంది. స్క్రిప్టు చదివి అరవై రెండు అభ్యంతరాలు రాసి ఇచ్చాను. జపాన్ వీధిని విమానాశ్రయం రోడ్డు మీద తీస్తామంది.

"అక్కడ సిగ్నల్ దీపాలు అడ్డంగా ఉంటాయమ్మా. ఇక్కడ నిలువుగా ఉన్నాయి."

"సిగ్నల్ చూపియ్యం మామా."

"రోడ్డు పక్కన ఆ ఖర్జూరపు చెట్లు?"

"చెట్లు గూడ చూపియ్యం."

"మరి ఏం చూపిస్తావు?"

"హీరో మొఖం చూపిస్త. దాని మీద నీకేమన్న అభ్యంతరముంటే ఆల్ల అమ్మకు రాసియ్యి."

అధికారి పాత్రకు మనిషిని తెచ్చింది నేనే. ఒకాదా గారు మా ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి వచ్చి రెండు నెలలుగా ఉన్నారు. నవ్వకుండా ఉండడం ఆయనకు నటన కాదు, దినచర్య. మిగతా సినిమా అంతా పూర్తయింది. ఆయనతో తీయవలసిన ఆ చివరి దృశ్యం ఒక్కటే మిగిలింది. అది తీయవలసిన రోజు సాయంత్రమే, ఏడున్నరకు, ఆయన విమానం. మళ్ళీ ఈ దేశం వచ్చే పని లేదు. సినిమాను పోటీకి పంపడానికి గడువు మర్నాడే. ఆ ఒక్క దృశ్యం కుదరకపోతే ఆ పిల్ల ఏడాది కష్టమంతా, తాళి కట్టే సమయానికి వరుడు లేచి వెళ్ళిపోయిన పెళ్ళి అవుతుంది.

ఉదయం పదకొండింటికి ఒకాదా గారిని కారులో తీసుకొని వస్తూ మొదటి నిజం చెప్పాను.

"మా ఇళ్ళలో పళ్ళెంలో అన్నం మిగల్చడం వండినవాళ్ళను అవమానించడమే. వడ్డించింది పూర్తిగా తినాలి."

"మా దేశంలోనూ అంతే. ఒక్క మెతుకు కూడా వదలము" అన్నారాయన, తృప్తిగా.

పాఠకులు గమనించాలి: ఈ నియమాన్ని నేను ముగ్గురు పెద్దల దగ్గర విడివిడిగా ధ్రువీకరించుకున్నాను. దానికి ఒక సలహా కూడా జతచేశాను. డైలాగు సహజంగా రావాలంటే, మధ్యాహ్నం భోజనం చేస్తూ ముద్దకూ ముద్దకూ నడుమ పైకి అని సాధన చేయమన్నాను. ఆయన ఆ డైలాగును చిన్న కాగితం మీద తమ లిపిలో రాసుకొని జేబులో పెట్టుకున్నారు; అర్థం ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటికి చేరగానే వంటింట్లోకి వెళ్ళి అక్కకు రెండో నిజం చెప్పాను. సినిమాలో హీరో తల్లి వేషం కూడా ఆమెదే.

"అక్కా, వాళ్ళు నోరు తెరిచి ఇంకా కావాలని అడగరు. వద్దని కూడా సూటిగా అనరు. ఎదుటివాళ్ళ గ్లాసు ఖాళీ అయితే చెప్పించుకోకుండా నింపడం వాళ్ళ మర్యాద. కాబట్టి నువ్వు అడగకు, అడిగితే ఇబ్బంది పడతారు. ఖాళీ కావడం చూసి వడ్డించు, అంతే."

"అడుగకుంట వెయ్యాల్నా?"

"అడగకుండా."

"గిది మంచిగున్నది తమ్మీ. మనోల్లకు బతిమిలాడి బతిమిలాడి నా నోరు నొస్తది" అంది అక్క.

ఇదీ నా పది నెలల అనుభవం మీద, నోటు పుస్తకంలో రాసుకున్న పరిశీలనల మీద ఆధారపడినదే. విడివిడిగా చూస్తే రెండింటిలోనూ దోషం లేదు. ప్రయోగశాలలో ఇరవయ్యేళ్ళ కుర్రవాడికి కూడా తెలుసు, రెండు సీసాల మీదా 'సురక్షితం' అని రాసి ఉన్నంత మాత్రాన రెండింటినీ ఒకే గిన్నెలో పోయకూడదని. నిజం నిప్పులాంటిదంటారు. రెండు నిప్పులను పక్కపక్కన చేరిస్తే పొయ్యి అవుతుందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ముందు దృశ్యం తీసి తర్వాత భోజనం పెట్టవచ్చు కదా అని మీకు తోచవచ్చు. శ్రావణికీ తోచింది.

"అమ్మా, తిన్నంక తీస్తే సారు మబ్బుగ అయితడు. షూటింగ్‌ల ఎట్లనూ తింటడు గద."

"ఒక్క ముద్ద తింటడంట. గది తిండా? ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుంట పని చేపిస్తరే? మీ నాయనను అడుగు."

ఆ నాయన, అంటే మా బావ, ఈ సంగతి ముందే గ్రహించి పొలం వైపు వెళ్ళిపోయాడు. అనుభవజ్ఞుడు.

అంతలో కెమెరా పట్టే ఇమ్రాన్ వచ్చాడు. పహాడీ షరీఫ్ వాడు, పని తెలిసినవాడు. "అంకుల్, ఈ ఇంటి మీదికెళ్ళి ఎనిమిది నిమిషాలకొక విమానం పోతది. నడుమల ఒక్క టేక్ కొట్టాలె" అన్నాడు.

"ఎనిమిది నిమిషాలా? ఆధారం ఏమిటి?"

"నా చెవులు అంకుల్."

చెవులు కొలత సాధనాలు కావు. గడియారం, నోటు పుస్తకం తీసుకొని మేడ మీదికి వెళ్ళాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు; నేను తినకముందే ఆ ఇంటి నెత్తికెక్కి విమానాలు లెక్కపెట్టాను. ఎండలో గంటంబావు నిలబడ్డాను. ఒక్కోసారి రెండు నిమిషాలకే ఒకటి వచ్చింది, ఒక్కోసారి పదిహేడు నిమిషాలైనా రాలేదు. సగటు తొమ్మిది. ఎనిమిది కాదు.

ఆ గంటంబావులో మెట్ల మీదుగా కింది నుంచి ఒక కంఠం వినిపిస్తూనే ఉంది. "ఇంకొంచెం వెయ్యి అక్కా." కాసేపటికి మళ్ళీ, "ఇంకొంచెం వెయ్యి అక్కా." మొదట చురుగ్గా, తర్వాత నిదానంగా, చివరికి దర్గా మెట్లెక్కి అలసిపోయిన ముసలివాడి మూలుగులా. భావం ఎంత చక్కగా మారుస్తున్నాడు, ఎంత నిబద్ధత అని పైన నిలబడి మురిసిపోయాను. పదకొండుసార్లు విన్నాను. అవును, అదీ లెక్కపెట్టాను.

సగటు తొమ్మిది అన్న విజయవార్తతో దిగి వచ్చేసరికి ఒకాదా గారు గోడకు చేరగిలబడి ఉన్నారు. కాళ్ళు బారచాపి, టై వదులు చేసి, కళ్ళు సగం మూసి. ఎదుట పళ్ళెంలో బగారన్నం, దాని మీద నాటుకోడి కూర, అప్పుడే పుట్టిన కొండలా పొగలు కక్కుతున్నాయి.

అక్క ముఖం వెలిగిపోతోంది. "ఈ సారు ఎంత మంచోడు తమ్మీ. అడుగడనంటివి. నోరార అడిగి పెట్టిచ్చుకున్నడు. మీ బావ ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న గట్ల అడిగిండా?"

"ఎన్నిసార్లు వడ్డించావక్కా?"

"లెక్కవెడ్తరా అన్నానికి? తల్లె కాళీ అయితే అడుగకుంట వెయ్యమన్నవ్, ఏసిన."

అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత పుట్టిన ఊరు ఏదో గానీ, మా అక్క ఊరు మాత్రం కాదు.

ఒకాదా గారు నన్ను దగ్గరికి పిలిచి, ఇంగ్లీషులో, ఊపిరి పొదుపు చేసుకుంటూ అన్నారు: "మీరు చెప్పినట్టే పూర్తిగా తింటున్నాను. కానీ ఇది పూర్తి కావడం లేదు. దయచేసి చెప్పండి, ఈ వ్యవస్థను ఆపే స్విచ్ ఎక్కడ ఉంది?"

ఖాళీ అయితే నింపాలని ఒకరికి చెప్పాను, నింపితే ఖాళీ చేయాలని మరొకరికి చెప్పాను. ఇద్దరూ మాట తప్పని మనుషులు. బావిలో నీళ్ళు చెరువులో పోసి, చెరువులో నీళ్ళు బావిలో పోయమన్నట్టయింది. స్విచ్ లేదా అంటే, ఉంది. కానీ అది మాకు ఎంత బాగా తెలుసంటే, దాన్ని చెప్పాలని కూడా తెలియనంత బాగా.

"మామా." శ్రావణి వాకిట్లో నిలబడి ఉంది. "సారుకేం చేసినవ్?"

"నేను ఏమీ చేయలేదు. రెండు విషయాలు చెప్పాను, రెండూ నిజమే."

"నాలుగున్నరకు ఆయినె ఎయిర్‌పోర్ట్‌కు పోవాలె. ఇప్పుడు రెండైంది. గా మనిషి నడుం లేస్తలేదు. నా సినిమాకు చివర లేదు. ఇగ నీ నిజాలు ఏం చేసుకోవాలె, ఫ్రేమ్ కట్టిచ్చుకోవాల్నా?"

ఆమె చేతిలోని స్క్రిప్టును మడిచి గడప మీద పెట్టేసింది. అరవై రెండు అభ్యంతరాలకు చెక్కుచెదరని పిల్ల. అప్పుడు మాత్రం నాకు ఆధారం అడగాలనిపించలేదు.

"పాణం బాగలేనట్టుంది సారుకు. జర పెరుగన్నం తింటే సల్లవడ్తది" అంటూ అక్క లేచింది. ఆమె చేతిలోని గిన్నెను నేను రెండు చేతులా పట్టుకొని ఆపాను. జీవితంలో నేను చేసిన శారీరక సాహసం అదొక్కటే. గిన్నె ఇటు వదలదు, గరిటె అటు ఆగదు. పక్కన ఇమ్రాన్ తింటున్నాడని గుర్తొచ్చి అక్క అటు తిరిగింది. ఇమ్రాన్ పళ్ళెం మీదికి వంగి, రెండు చేతులూ బోర్లించి, పిల్లల మీద కోడిపెట్టలా కప్పేశాడు.

"అస్సల్ వద్దు అక్కా."

"ఒక్క గరిటె."

"అస్సల్ వద్దు."

అక్క వెనుదిరిగింది. గోడ దగ్గర ఒకాదా గారి కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆయన ఇమ్రాన్ చేతుల వైపే చూస్తున్నారు, విప్పి పెట్టిన యంత్రాన్ని చూసినట్టు.

ఆయనను మంచం మీద పడుకోబెట్టి, జీలకర్ర నీళ్ళు పట్టించి, మూడున్నరకు లేపాము. "దృశ్యంలో ఒక్క ముద్ద తింటే చాలు" అన్నాను, నేల చూపులు చూస్తూ.

"కొంచెం కష్టం" అన్నారాయన. పది నెలల అనుభవంతో మనవి చేస్తున్నాను: ఆ దేశపు మర్యాదలో 'కొంచెం కష్టం' అంటే మన భాషలో చచ్చినా కుదరదని.

తినడం అప్పుడే అయినట్టు చూపిద్దామని శ్రావణి మార్చింది. పక్కన హీరో, ఎదుట ఖాళీ పళ్ళెం, అక్క వడ్డించడానికి వస్తుంది, ఆయన నవ్వి డైలాగు చెబుతారు. ఒక విమానం పోయింది. "ఇగ తొమ్మిది నిమిషాలు, అంకుల్ సగటు" అని ఇమ్రాన్ వెక్కిరించి కెమెరా పెట్టాడు.

అక్క గరిటెతో వచ్చింది. కెమెరా ఉందన్న సంగతి మరిచిపోయింది. ఆమె కళ్ళకు కనిపించింది ఒక్కటే: ఖాళీ పళ్ళెం. గరిటె నిండా అన్నం గాలిలోకి లేచింది. ఒకాదా గారు దాన్ని చూశారు. డైలాగు మరిచారు, కాగితం మరిచారు, దేశం మరిచారు. రెండు చేతులూ పళ్ళెం మీద బోర్లించి, టైతో సహా ఛాతీ వంచి కప్పేసి, అచ్చం పహాడీ షరీఫ్ యాసలో అన్నారు:

"అస్సల్ వద్దు అక్కా."

గరిటె ఆగింది. రెండు నెలల్లో మొదటిసారి ఒక యంత్రం తనంతట తాను దారికి వచ్చినట్టు ఆయన ముఖం విప్పారింది, ఆయన నవ్వారు. పళ్ళు కనిపించేలా, భుజాలు కదిలేలా.

శ్రావణి కట్ చెప్పలేదు. అక్క ఆగితే కదా చెప్పడానికి. "గట్లంటే ఎట్ల సారూ? పోనీ, జర పెరుగన్నం" అంది. ఇల్లంతా గొల్లుమంది. సరిగ్గా నాలుగో నిమిషాన, నా సగటును కాలదన్ని, నెత్తి మీద విమానం పోయింది. అప్పటికే దృశ్యం పూర్తయింది.

విమానాశ్రయంలో దిగబెట్టినప్పుడు నడుం వంగినంత మేరకు వంగి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన తిరిగి వంగబోయి, కడుపు అడ్డం వచ్చి, మధ్యలో విరమించుకున్నారు. "మా యంత్రాల పుస్తకంలో ఎలా ఆపాలో మొదటి పుటలో ఉంటుంది. ఎలా నడపాలో రెండో పుటలో" అని సౌమ్యంగా అన్నారు. అక్క పంపిన సకినాల డబ్బా ఇచ్చాను. "కొంచెం కష్టం" అని తీసుకున్నారు.

పోటీలో ఆ సినిమాకు రెండో బహుమతి వచ్చింది. ఒకాదా గారు పళ్ళేన్ని కప్పేసిన చోట హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం చివర్లో పేర్ల కోసం ఎదురుచూశాను. సలహాదారు అన్న చోట నా పేరు లేదు. అట్టడుగున, తెర నల్లబడే ముందు ఇలా వచ్చింది: "ఈ చిత్ర నిర్మాణంలో ఏ జంతువుకూ హాని జరగలేదు. ఒక మనిషికి మాత్రం, మా మామ చెప్పిన నిజాల వల్ల, కొంచెం జరిగింది."

హాల్లోనే శ్రావణి చెవిలో చెప్పాను, మొదటి వాక్యం అసత్యమని. ఆ రోజు కూరకు రెండు నాటుకోళ్ళు బలయ్యాయి, నేను స్వయంగా చూశాను. రెండో వాక్యం పరీక్షించాను, దోషం దొరకలేదు.

కనుక ఇందుమూలంగా, సకల బంధుమిత్రుల ఎదుట, జీలకర్ర నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఇద్దరికీ చెరొక నిజం చెప్పి మేడ ఎక్కను. తప్పనిసరై చెప్పవలసి వస్తే, వాళ్ళిద్దరి నడుమ మొదటి పళ్ళెం ముందు నేనే కూర్చుంటాను, రెండు చేతులూ బోర్లించి.